ఆయమ్మ భుజంలో సున్నం

పుంగనూరు మిషన్ బడి ఆడపిల్లల హాస్టల్లో ఒక తరం మొత్తానికి తలలు దువ్వింది సువార్తమ్మ. పిల్లలెవరూ ఆమెను పేరు పెట్టి పిలవలేదు. అందరికీ ఆమె ఆయమ్మే. శనివారం పొద్దున వంటింటి వెనక అండాలో నీళ్ళు కాగుతుంటే, కుంకుడుకాయ రసం పక్కన పెట్టుకుని పీట మీద కూర్చునేది. పిల్లలు వరసగా వచ్చి ఆమె మోకాళ్ళ మధ్య తల వంచేవాళ్ళు. ఏ తలలో పేలున్నాయో, ఏ బిడ్డ ఇంటి మీద బెంగతో నిద్రపోవడం లేదో, నెత్తి మీద చెయ్యి వేయగానే ఆమెకు తెలిసిపోయేది. పేర్లు మరిచిపోయేది కాదు. పెళ్ళయి, బిడ్డను చంకనేసుకుని ఎప్పుడో వచ్చిన అమ్మాయిని కూడా గేటు దగ్గరే పేరుతో పిలిచి, "మీ తమ్మునికి కాలు బాగయిందా?" అని అడిగేది.

ఆమెది కుప్పం దగ్గర, గుడుపల్లె పక్కన ఒక చిన్న పల్లె. నాయన బావులు తవ్వే కూలి. అమ్మ చెనక్కాయ చేలల్లో కలుపు తీసేది. ఊళ్ళోకి వచ్చిపోయే పాస్టరమ్మ పట్టుబట్టి పిల్లను బోర్డింగులో చేర్పించింది. ఎనిమిదో తరగతి దాకా చదివాక అమ్మ పోయింది, చదువు ఆగింది. ఏ హాస్టల్లో చదువుకుందో అదే హాస్టల్లో పనికి చేరింది.

భర్త జయరత్నం ఆర్టీసీ డ్రైవరు. పుంగనూరు నుంచి పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం పోయే బస్సు నడిపేవాడు. సెలవుకు ఊరికి పోయేటప్పుడు సువార్తమ్మ ఆ బస్సే ఎక్కేది. ఒకసారి గంప ఎత్తుకున్న ముసలామె ఇంకా మెట్టు మీదే ఉండగా అతను బండి కదిలించాడు. వెనక నుంచి ఒక పలుచని గొంతు వినిపించింది.

"డ్రైవరప్పా, అవ్వను కూసోనీ. నీ బస్సు యాడికీ పారిపోదులే."

అద్దంలోకి చూస్తే నూనె రాసి బిగించి రెండు జడలు వేసుకున్న అమ్మాయి. కోపంగా కూడా లేదు. పిల్లలకు చెప్పినట్టు చెప్పింది, అంతే. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా జయరత్నం అద్దం చూడకుండా బండి కదిలించలేదు. ఏడాది తిరిగేలోగా పుంగనూరు చర్చిలో పెళ్ళయింది. ఒక్కతే కూతురు, గ్లోరియా. ఇప్పుడు కుప్పంలో ప్రభుత్వ బడిలో టీచరు. అల్లుడు ఆల్విన్ అక్కడే గ్రానైటు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేస్తాడు.

భార్యాభర్తలు పనుల నుంచి రిటైరై, మిషన్ బడి వెనక వీధిలో కట్టుకున్న రెండు గదుల ఇంట్లో కుదురుకున్నాక, సువార్తమ్మకు మోకాళ్ళ నొప్పులు పట్టుకున్నాయి. అన్నేళ్ళు పీట మీద కూర్చుని లేచిన మోకాళ్ళు. పొద్దున మంచం దిగాలంటే ముందు గోడ పట్టుకునేది, తర్వాత కిటికీ ఊచ, ఆ తర్వాత భర్త భుజం. నొప్పి అని నోటితో అనేది కాదు. పళ్ళు బిగబట్టి లేచేది. ఆ బిగబట్టడం చూడలేకపోయాడు జయరత్నం.

మొదట చూసిన డాక్టరు రక్తం పరీక్ష చేయించి, విటమిన్ డి తక్కువగా ఉందని పొడి పొట్లాలు రాశాడు. వారానికి ఒకటి పాలల్లో కలిపి తాగాలి. రెండు నెలలయ్యాక వచ్చి కనపడాలి. పొట్లాలు తాగాక నొప్పులు కాస్త సర్దుకున్నాయి. దాంతో డాక్టరు దగ్గరికి మళ్ళీ పోలేదు. పొట్లాలు మాత్రం ఆపలేదు. మందుల షాపులో అడిగితే ఇచ్చేవాళ్ళు. చలికాలం వచ్చి నొప్పులు మళ్ళీ తిరగబెట్టినప్పుడు, వారానికి ఒకటి తాగితేనే అంత గుణం కనిపించింది, రోజూ తాగితే ఇంకెంత బాగుంటుందో అనుకున్నాడు. ఆ పొడి తియ్యగా, నారింజ వాసనతో ఉండేది. సువార్తమ్మకు ఆ రుచి నచ్చింది కూడా. రోజూ సాయంత్రం పాలు కాచి, పొడి వేసి, నురగ వచ్చేలా రెండు గ్లాసుల మధ్య తిరగబోసి చేతికిచ్చేవాడు. ఆమె తాగేదాకా పక్కనే నిలబడేవాడు.

ఎదురింటి మునిలక్ష్మి ఇంకో దారి చెప్పింది. "సంతగేటు కాడ ఒగాయన ఎముకల బలానికి సూదేస్తాడన్నా. నేను రెండు ఏయించుకుంటి, మెట్లెక్కతాండాను." జయరత్నం భార్యను స్కూటరు మీద కూర్చోబెట్టుకుని అక్కడికీ నెలనెలా తీసుకెళ్ళాడు. అది చాలదన్నట్టు గ్లోరియా, అమ్మకు ఎముకలు అరిగిపోతున్నాయేమోనని, వచ్చినప్పుడల్లా కాల్షియం మాత్రల డబ్బా తెచ్చేది. ఎవరూ ఎవరి దగ్గరా దాచలేదు. ఎవరూ ఒకచోట కూర్చుని అన్నీ కలిపి చూడనూ లేదు.

ఆ ఎండాకాలం నుంచి సువార్తమ్మ మారుతూ వచ్చింది.

ముందు దాహం. చెంబు చెంబు నీళ్ళు తాగేది, మళ్ళీ మళ్ళీ బాత్రూముకు పోయేది. షుగరేమోనని పరీక్ష చేయించారు, లేదన్నారు. తర్వాత తిండి పోయింది. రాగిసంగటి ముద్ద ముందు పెట్టుకుని, దాన్ని ఏం చెయ్యాలో తెలియనట్టు చూస్తూ కూర్చునేది. కడుపు బిగిసిపోయేది. పగలంతా నిద్ర. ఆదివారం చర్చిలో పాటకు మొదటి గొంతు ఎప్పుడూ ఆమెదే. ఇప్పుడు పాటల పుస్తకం ఒళ్ళో మూసి పెట్టుకుని కూర్చుంటోంది. ఆయమ్మకు ఎవరి మాటకో మనసు నొచ్చిందని ఆడవాళ్ళు అనుకున్నారు. పాస్టరు ఇంటికొచ్చి ప్రార్థన చేశాడు. ప్రార్థన మధ్యలోనే ఆమె తల వాల్చి నిద్రపోయింది.

"వయసప్పా, మనం మాత్రం పిలకాయలమా?" అంది మునిలక్ష్మి జయరత్నాన్ని ఓదారుస్తూ.

అతనికి అది వయసు అనిపించలేదు. పక్కనే పడుకున్న మనిషి పక్కనే ఉంటూ ఎక్కడికో పోతోందని అనిపించేది. నీరసం వల్లేమోనని పాలు ఇంకో గ్లాసు పెంచాడు. అందులోనూ పొడి వేశాడు.

కొన్నాళ్ళకు కుడి భుజం మీద గట్టిగా ఒక గడ్డ తగిలింది. చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. ఊరి ఆడపిల్లల తలలన్నీ దువ్విన మనిషి తన తల తాను దువ్వుకోలేకపోయింది. రెండు రోజులు చూసి, మూడో రోజు పొద్దున జయరత్నం దువ్వెన తీసుకుని ఆమె వెనక కూర్చున్నాడు. స్టీరింగు పట్టిన చేతులు. తెల్లబడిన ఆ కాసింత జుట్టును ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. పైనుంచి లాగితే చిక్కు ఇంకా బిగిసింది.

చాలాసేపటికి, నిద్రలోంచి మాట్లాడినట్టు, ఆమె నోరు విప్పింది.

"కింద్నుంచి తియ్యాల సిక్కు. పైనుంచి లాగితే బిడ్డ ఏడుస్తాది."

అతను కింది నుంచి మొదలుపెట్టాడు. జడ వంకరగా వచ్చింది. అయినా ఆ రోజంతా అతనికి ధైర్యంగా ఉంది. ఆమె ఎక్కడికీ పోలేదు, లోపలెక్కడో ఉంది.

గడ్డ చూపించడానికి మదనపల్లెకు తీసుకెళ్ళాడు. ఎముకల డాక్టరు భుజానికి ఎక్స్‌రే తీయించి, కంప్యూటరు తెర మీద బొమ్మ పెట్టి జయరత్నాన్ని దగ్గరికి పిలిచాడు. ఎముక తెల్లగా కనిపిస్తోంది, అది అతనికీ తెలిసింది. ఎముక పక్కన, ఏమీ ఉండకూడని నల్లటి చోట, కాలీఫ్లవరు ముక్కలు గుదిగుచ్చినట్టు తెల్లటి ముద్దలున్నాయి. చేతి వెంబడి సన్నటి తెల్లగీత ఒకటి పోతోంది.

"ఇది ఎముక కాదు పెద్దాయనా. మెత్తటి కండలో సున్నం పేరుకుంది. ఈ గీత రక్తనాళం. దాని గోడలో కూడా ఉంది. రక్తంలో కాల్షియం ఎంతుందో చూడాలి."

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. కాల్షియం ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ. మూత్రపిండాలు కూడా దెబ్బతింటున్నట్టు ఉందన్నాడు డాక్టరు. ఎందుకు పెరిగిందో కనిపెట్టాలి, ఇప్పటికిప్పుడు ఆస్పత్రిలో చేర్చాలి, ఆలస్యం చెయ్యొద్దు. కారణాలు చాలా ఉంటాయి, కొన్నిసార్లు క్యాన్సరు వల్ల కూడా పెరుగుతుంది, అది కాదని తేల్చుకోవాలి. డాక్టరు నెమ్మదిగా, అన్నీ వివరంగానే చెప్పాడు. జయరత్నం చెవిలో ఆ ఒక్క మాటే పడింది.

గ్లోరియాకు ఫోను చేశాడు. "కుప్పానికి తీసుకొచ్చెయ్ నాయనా. ఈడ పెద్దాస్పత్రి ఉండాది, నేను ఉంటాను. ఆల్విన్‌ను కారు తీసుకొని పంపిస్తా" అంది. కారు వచ్చేదాకా ఆగలేకపోయాడు. ఎదురుగా కుప్పం బస్సు నిలబడి ఉంటే ఎక్కించేశాడు.

తాను ఏళ్ళ తరబడి నడిపిన దారి అది. ఏ మలుపు ఎక్కడో కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఇప్పుడు రెండో వరసలో కిటికీ పక్కన భార్యను కూర్చోబెట్టుకుని, బస్సు గుంతలో పడ్డప్పుడల్లా ఆ భుజం కదలకుండా తన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"యాడికి పోతాండాం?" అంది సువార్తమ్మ.

"గ్లోరియా ఇంటికి."

"అట్లనా" అని కిటికీలోంచి చూసింది. పలమనేరు దాటాక మళ్ళీ అడిగింది. అతను మళ్ళీ చెప్పాడు. వి.కోటలో బస్సు ఆగినప్పుడు ఇంకోసారి అడిగింది. ప్రతిసారీ మొదటిసారి చెప్పినట్టే చెప్పాడు. ఇంతకుముందే చెప్పానే అనే మాట నోటికి రానివ్వలేదు.

కుప్పం ఆస్పత్రిలో ఆ రాత్రే సెలైను ఎక్కించడం మొదలుపెట్టారు. ఆమెను చూసే డాక్టరు సింధు, గ్లోరియా కంటే చిన్నదిగా కనిపించే మనిషి. మూత్రపిండాలకు స్కానింగు తీశారు, వాటిలోనూ ఇసుక చల్లినట్టు తెల్లటి చుక్కలున్నాయి. ఛాతీకి, పొట్టకు పరీక్షలు చేశారు. మెడలో ఉండే, కాల్షియాన్ని అదుపులో ఉంచే గ్రంథులకు సంబంధించిన రక్తం పంపారు.

వార్డులో నర్సు ఒకమ్మాయి మంచం దగ్గరికి వచ్చి, పేరు చదివి, అలాగే నిలబడిపోయింది.

"ఆయమ్మా? నేను దీపను. పుంగనూరు హాస్టలు దీపను."

తల్లీ తండ్రీ లేక అవ్వ తెచ్చి హాస్టల్లో వదిలిపోయిన పిల్ల. సువార్తమ్మ ఆమె ముఖంలోకి మర్యాదగా చూసింది. "ఎవురమ్మా నువ్వు?" అంది.

దీప సెలైను సూది ప్లాస్టరు సరిచేసి, దుప్పటి కాళ్ళ మీదికి లాగి, పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది. "తెలియకపోతే ఏమిలే తాతా," అంది జయరత్నంతో, "నాకు తెలుసు గదా."

తర్వాతి రోజు మధ్యాహ్నం డాక్టరు సింధు జయరత్నాన్ని, గ్లోరియాను గదిలోకి పిలిచింది.

"క్యాన్సరు ఆనవాళ్ళు ఎక్కడా లేవు. మెడలో గ్రంథులు కూడా తప్పు చెయ్యడం లేదు, అవి పని తగ్గించుకుని ఊరుకున్నాయి. అంటే కాల్షియం బయటి నుంచి వస్తోంది. అమ్మ ఏమేం మందులు వాడుతుంది?"

జయరత్నం ఊపిరి పీల్చుకున్నాడు. క్యాన్సరు కాదన్న మాటతో మనసు తేలికపడి, అన్నీ ఉత్సాహంగా చెప్పుకొచ్చాడు. పాలు ఎలా కాచేదీ, పొడి ఎప్పుడు వేసేదీ, ఒక్కరోజు కూడా తప్పించనిదీ. నెలనెలా సూది. గ్లోరియా తెచ్చే మాత్రలు. తాను భార్యను ఎంత బాగా చూసుకున్నాడో ఈ చిన్న డాక్టరమ్మకు తెలియాలనే కోరిక కూడా ఆ గొంతులో ఉంది.

ఆమె మధ్యలో ఆపలేదు. అయిపోయాక నెమ్మదిగా అడిగింది. "పొట్లం రోజూనా? వారానికి ఒకటి కాదా?"

"వారానికొగటే అన్నారమ్మా మొదట. నొప్పి ఎక్కువైందని రోజూ ఇస్తిని."

గ్లోరియాకు ముందు అర్థమైంది. తర్వాత అతనికి అర్థమైంది.

"ఆ పొడి విటమిన్ డి. ఎముకల బలానికని వేసే సూదుల్లోనూ అదే ఉంటుంది. తక్కువైతే ఇబ్బందే, ఎక్కువైతే కూడా ఇబ్బందే" అంది సింధు. "ఎక్కువైనది మూత్రంలో పోదు, కొవ్వులో నిలవ ఉండిపోతుంది. అది తిండిలోని కాల్షియాన్ని, ఎముకలోని కాల్షియాన్ని లాగి రక్తంలో పోస్తుంది. రక్తం ఎంతని మోస్తుంది? కండలో, నాళాల్లో, మూత్రపిండాల్లో దించేస్తుంది. ఆ మత్తు, మతిమరుపు, దాహం, ఆకలి లేకపోవడం, అన్నీ దానివే. ఇవన్నీ ఆపేస్తే తగ్గుతుంది. నిలవ ఉన్నది పోవడానికి నెలలు పడుతుంది గానీ, మనిషి తప్పకుండా తేరుకుంటుంది. ఇలాంటివాళ్ళు మా దగ్గరికి వస్తూనే ఉంటారు. మీరు తెలిసి చేసింది కాదు."

చివరి మాటలు అతను వినలేదు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి బయటికి వచ్చి, ఆస్పత్రి ముందు మెట్ల మీద కూర్చున్నాడు. నురగ వచ్చేలా తిరగబోసిన పాలు గుర్తొచ్చాయి. ఆమె గ్లాసు దించితే మీగడ పెదవికి అంటుకుని ఉండేది, తాను తువ్వాలుతో తుడిచేవాడు. భార్యకు క్యాన్సరు లేదు. సంతోషపడాలి. సంతోషం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

గ్లోరియా చెప్పులు తీసుకొచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. ముఖం ఎర్రబడి ఉంది.

"ఆ సూదులు యాల ఏయించినావు నాయనా? ఒక మాట నాకు ఫోను చేసి అడగకూడదా?" అంది. తండ్రి తల ఎత్తలేదు. కాసేపటికి ఆమె గొంతు దిగింది. పక్కన కూర్చుంది. "నేను మాత్రం అడిగినానా? డబ్బాలు డబ్బాలు తెచ్చి మింగించినా. చదువుకున్నదాన్ని, ఆ డబ్బా మీద ఏమి రాసుండాదో చదవకపోతి."

"నువ్వు తెచ్చింది రవ్వంత. నేను పోసింది కుండెడు" అన్నాడు జయరత్నం.

ఇద్దరూ అక్కడే కూర్చుండిపోయారు, ఆల్విన్ అన్నం క్యారియరు తీసుకుని వచ్చేదాకా.

సెలైను, మాత్రలు సాగాయి. పాలు, పెరుగు, సంగటి బంద్. రాగుల్లో కాల్షియం ఎక్కువని డాక్టరమ్మ చెబితే, "సంగటి లేకుండా మావాళ్ళు బతుకుతారా?" అని పక్క మంచం ఆమె ఆశ్చర్యపోయింది. సువార్తమ్మకు అప్పటికి ఆశ్చర్యపడే ఓపిక లేదు. అయితే రోజులు గడిచేకొద్దీ కళ్ళు తెరిచి ఉండే సమయం పెరిగింది. ఒక పూట అడక్కుండానే ఇడ్లీ మొత్తం తినేసింది. ఇంకో పూట, ఫ్యాను చప్పుడెక్కువగా ఉందని విసుక్కుంది. ఆ విసుగు విని జయరత్నానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఒక ఉదయం దీప వచ్చి బీపీ పట్టీ చుడుతోంది. సువార్తమ్మ ఆమె చెవి వైపు చూస్తూ ఉంది.

"సెవి ఇంగా కారతాందా?"

దీప చేతులు ఆగిపోయాయి.

"చలికాలమొస్తే కారేది గదా నీకు. కోడికూత కాడ లేసి ఏడస్తా ఉంటివి. నువ్వుల నూనె కాంచి దూదితో పెడితే నిద్రపోయేదానివి" అంది సువార్తమ్మ. "నూనె పెట్టగూడదంట. ఆ తర్వాత డాక్టరు తిట్న్యాడు నన్ను. దీపే గదా నువ్వు?"

దీప పట్టీ అలా వదిలేసి, మంచం మీద కూర్చుని, ఆ ముసలిదాని ఒళ్ళో తల పెట్టేసింది. సువార్తమ్మ ఎడమచేత్తో ఆ తల నిమిరింది. కుడిచెయ్యి ఇంకా లేవడం లేదు. "జుట్టు ఇట్ల పల్సబడిందేమే" అంది.

జయరత్నం వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లోపల్నుంచి ఇద్దరి మాటలూ వినిపిస్తున్నాయి. ఏం మాట్లాడుకుంటున్నారో పట్టించుకోలేదు. ఆ గొంతు అలా వస్తూ ఉంటే చాలనిపించింది.

జబ్బు ఎందుకొచ్చిందో తల్లికి తాను చెబుతానంది గ్లోరియా. జయరత్నం ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం మంచం పక్కన స్టూలు లాక్కుని, ఆమె చెయ్యి పట్టుకోకుండా, తన చేతులు తన ఒళ్ళోనే పెట్టుకుని చెప్పాడు.

"నీ భుజంలో సున్నం నేను పోసిందే సువార్తా. ఆ పాలల్లో పొడి. వారానికొగటైతే రోజూ పోస్తిని."

సువార్తమ్మ పైకి చూస్తూ పడుకుని అంతా వింది.

"నేను వద్దంటినా?" అంది. "తియ్యగా ఉండాదని నేనే ఇంగొక చెంచా అడిగితి గదా. ఇద్దరం కలిసి చేసుకున్న్యాం. నీ ఒక్కని మీదే ఏసుకోబాక." ఎడమచేత్తో దుప్పటి సర్దుకుని, "నేను సచ్చిపోవాలని ఇస్తే తప్పు. బతకాలని ఇచ్చినావు. నాకు తెలీదా?" అంది.

అతను ఆమె పక్కమీద తల ఆనించుకున్నాడు. ఆమె ఎడమచెయ్యి అతని తలమీదికీ వచ్చింది.

ఇంటికొచ్చాక ఇంకో చిక్కు మొదలైంది. జయరత్నం భార్య చేతికి ఏదీ ఇవ్వడం మానేశాడు. డాక్టరమ్మ రాసిన మాత్రలు టేబులు మీద పెట్టి, "నువ్వే సూసుకో" అనేవాడు. అన్నం వండేవాడు గానీ వడ్డించేవాడు కాదు. గ్లాసు నీళ్ళు అడిగినా చెంబు దగ్గరికి జరిపేవాడు. ఆమె కొన్నాళ్ళు గమనించింది. ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని, లోపలికి కేకేసింది.

"రవ్వంత కాఫీ పెట్టిస్తావా?"

"పాలు వద్దన్నారు గదా."

"పాలు లేకుండా పెట్టు. నల్లకాఫీ ఇవ్వగూడదని డాక్టరమ్మ సెప్పలేదు."

"మునిలక్ష్మిని పెట్టమంటా."

"మునిలక్ష్మి కాఫీ నాకు నచ్చదు."

అతను పెట్టాడు. గ్లాసు తెచ్చి అరుగు మీద, ఆమెకు జానెడు దూరంలో ఉంచి వెనక్కి తిరిగాడు.

"చేతికియ్యప్పా" అంది సువార్తమ్మ. "ఈ భుజం వంగదు, నీకు తెలీదా?"

అది ఎడమచేతి వైపున్న గ్లాసే. ఎడమచెయ్యి బాగానే వంగుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. అతను గ్లాసు తీసి చేతికిచ్చాడు. ఆమె ఒక గుటక తాగి, చేదుగా ఉందని ముఖం ముడిచి, ఇంకో గుటక తాగింది. అతను పక్కనే కూర్చున్నాడు. ఆమె మొత్తం తాగేదాకా.

కాల్షియం మామూలుకు రావడానికి నెలలే పట్టింది. తగ్గి, మళ్ళీ కొంచెం పెరిగి, మళ్ళీ తగ్గింది. మూత్రపిండాలు పూర్తిగా కోలుకోలేదు. ఉన్నంతలో కాపాడుకుందాం, నీళ్ళు బాగా తాగాలి, నొప్పి మాత్రలు ఊరికే మింగకూడదు అంది సింధు. కొత్త ఎక్స్‌రేను పాతదాని పక్కన పెట్టి చూపించింది. భుజంలో తెల్లటి ముద్దలు చిన్నవయ్యాయి, అంచులు కరిగినట్టున్నాయి. నాళంలో గీత మాత్రం అలాగే ఉంది. మోకాళ్ళకు మందు లేదు, కసరత్తు నేర్పారు. కుర్చీలో కూర్చుని కాలు చాపి నిలబెట్టడం. పొద్దున ఇద్దరూ ఎదురెదురుగా కుర్చీలు వేసుకుని చేస్తారు. అతని మోకాళ్ళూ ఏమంత గొప్పగా లేవు.

మునిలక్ష్మి సూదులు మానేసింది. సువార్తమ్మ చెప్పినందుకు కాదు, ఆమె వెంటబడి మదనపల్లెకు లాక్కెళ్ళి రక్తం పరీక్ష చేయించినందుకు. మునిలక్ష్మి కాల్షియం అప్పటికి బాగానే ఉంది. అయినా డాక్టరు సూదులు ఆపమన్నాడు.

మరుసటి ఏడు దీపకు ఆడపిల్ల పుట్టింది. పురిటికి పిలుచుకుపోవడానికి ఆమెకు పుట్టినిల్లు లేదు. భర్త నరేంద్ర రైల్వేలో పని, డ్యూటీకి పోతే ఎప్పుడొస్తాడో తెలియదు. దీప ఫోను చేసి ఏమీ అడగలేదు, బిడ్డ పుట్టిందని మాత్రం చెప్పింది. సువార్తమ్మ ఫోను పెట్టేసి సంచి సర్దుకుంది.

"నీ భుజంతో ఏం సేస్తావు ఆడికి పోయి?" అన్నాడు జయరత్నం.

"నువ్వూ వస్తాండావు గదా" అంది.

కుప్పంలో రైల్వే క్వార్టర్సు వెనక చిన్న పెరడు. పొద్దెక్కి ఎండ గోడ దిగి వచ్చాక, సువార్తమ్మ ఎత్తు పీట మీద కూర్చుని, నొప్పికి పెదవి బిగించి, రెండు కాళ్ళూ చాపింది. దీప బిడ్డను తెచ్చి ఆ కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టింది. నూనె రాసిన చిన్న వీపు ఎండలో మెరిసింది. బిడ్డను పట్టుకోవడానికి ఎడమచెయ్యి సరిపోతుంది. నీళ్ళు పొయ్యడానికి కుడిచెయ్యి భుజం దాకా లేస్తుంది గానీ చెంబు బరువు మొయ్యదు.

జయరత్నం బకెట్లో మోచెయ్యి ముంచి చూశాడు. చన్నీళ్ళు కొంచెం కలిపాడు. మళ్ళీ ముంచి చూశాడు. చెంబు నింపి పట్టుకుని నిలబడ్డాడు.

"సల్లగా ఉండాయేమో" అన్నాడు. "వేడెక్కువేమో."

"సరిగ్గా ఉండాయి" అంది సువార్తమ్మ. "నా చెయ్యి మీద పొయ్యి ముందు. ఆ, సాలు. ఇప్పుడు నడుం మీద. తల మీదికి పోనియ్యగాకు. మెల్లిగా, రవ్వంత రవ్వంత."

అతను వంగి, రెండు చేతులతో చెంబు పట్టుకుని, రవ్వంత రవ్వంత పోశాడు. బిడ్డ ఒక్కసారి ఉలిక్కిపడి, ఏడవాలా వద్దా అని ఆలోచించి, వేలు నోట్లో పెట్టుకుంది. సువార్తమ్మ ఏదో పాట సన్నగా అందుకుంది. మధ్యలో ఒక చరణం గుర్తు రాక, అక్కడ హమ్ చేసి, తర్వాతి చరణానికి పోయింది.

"ఇంగొక చెంబు" అంది.